ఏరు దాటి వచ్చిన పల్లి పొట్టు

ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తామంటే నాకు భయం. పిసినారిని కాను, పెట్టే చెయ్యి నాకూ ఉంది. కానీ ఊరికే వచ్చేదాని వెనుక ఏదో ఒక మెలిక ఉంటుందని నా గట్టి నమ్మకం. గద్వాలలో ముప్ఫై ఏళ్లకు పైగా నూలుకు రంగులద్ది బతుకుతున్నవాణ్ణి. ఇన్నేళ్లలో నన్ను మోసం చేయని సరుకు లేదు. ఉప్పు కలిపిన రంగుపొడి కొన్నాను. పైన సన్న నూలు, లోపల ముతక నూలు పెట్టిన కట్టలు కొన్నాను. కరక్కాయ పొడి అని చెప్పి ఏదో చెట్టు బెరడు నూరి అంటగట్టిన పెద్దమనిషి ఒకడు దేవుడి పటం ముందు నిలబడి ఒట్టు కూడా వేశాడు. తెల్లనివన్నీ పాలు కావని నాకు ఎవరూ నేర్పలేదు. నష్టపోయి నేర్చుకున్నాను.

మా ఆవిడ మాత్రం నా గుణాన్ని వేరేగా చెబుతుంది. "నీ నీడ నీ ఎనక వస్తున్నా, ఎవడో ఎంబడి పడ్డడని తిరిగి సూస్తవు" అంటుంది. పెళ్లయిన కొత్తలో ఈ మాట నవ్వుతూ అనేది. ఇప్పుడు నవ్వకుండా అంటోంది. అలా ఎందుకైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా అమ్మాయి వనపర్తిలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ పాఠాలు చెబుతుంది. ఒక ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు చేతిసంచిలోంచి ఒక పొట్లం తీసి, పేపరు పరిచి దాని మీద కుమ్మరించింది. ఎర్రగా, పలచగా, ఊదితే ఎగిరిపోయే పొరలు.

"ఇదేందో చెప్పు నాయినా."

"పల్లి పొట్టు. నాకు తెల్వదా?"

"దీంట్ల రంగుంది."

పెద్దమందడి వైపు ఒక మిల్లు ఉంది. అక్కడ పల్లీలు వేయించి, గింజ మీది ఎర్రపొట్టు ఊడదీసి, తెల్లటి గింజలను చిక్కీలు చేసేవాళ్లకు పంపుతారు. ఆ ఊడిన పొట్టు బస్తాలకు బస్తాలు మిగులుతుంది. కొంత పొయ్యిలో పోతుంది, కొంత గాలికి పోతుంది. కరక్కాయలో ఉండే వగరులాంటిదే ఆ పొట్టులోనూ ఉందని, వేడినీళ్లలోకి దింపితే ఆ వగరూ రంగూ రెండూ దిగుతాయని, పటికలో ముంచిన నూలుకు అది పట్టుకుంటుందని మా అమ్మాయి చెప్పింది. కాలేజీలో చేసి చూసిందట. మిల్లులో గింజలేరే ఒకామెకు ఈ పని నేర్పిందట. ఆమె పొట్టును జల్లించి, ఉడకబెట్టి, వడకట్టి, పళ్లేలలో ఎండబెట్టి ముక్కలు చేస్తోందట.

"గంత మంచిదైతే మిల్లు సేటు ఎందుకు పారేస్తుండు?" అన్నాను.

"ఆయనకు పల్లీలతోని పని నాయినా. పొట్టుతోని ఏం పని?"

"సేటులు చెత్తను గూడ అమ్ముకుంటరు బిడ్డా. అమ్ముకుంటలేడంటే అందుల ఏదో ఉంది."

అమ్మాయి నవ్వింది. ఆమె లోపలికి వెళ్లాక నేను చిటికెడు పొట్టు నోట్లో వేసుకుని నమిలాను. నాలుక ముడుచుకుపోయింది. మా నాయన కాలంలో కరక్కాయ నీళ్లు రుచి చూస్తే ఇలాగే ఉండేది. ఆ మాట నేను పైకి చెప్పలేదు.

నేను ఒప్పుకోవడానికి కారణం పొట్టు కాదు, మా వీధిలోని ఒక నేతన్న. మందుల రంగు, అంటే రసాయన రంగు, ఒక్క చుక్క కూడా లేకుండా పెళ్లికి చీరలు కావాలని ఆయనకు పట్నం నుంచి ఎవరో అడిగారు. మూడు చీరల పడుగుకు సరిపడా నూలు తెచ్చి నా ముందు పెట్టి, "నీ చేతి మీద నమ్మకముంది, నీ ఇష్టమొచ్చినట్ల చెయ్" అన్నాడు. నన్ను నమ్మేవాళ్లు ఉన్నారు. ఎదుటివాళ్లను నమ్మడమే నాకు చేతకాదు.

మేం నడిగడ్డ వాళ్లం, కృష్ణకూ తుంగభద్రకూ మధ్య నేల మాది. ఏరు దాటి వచ్చిన సరుకును రెండుసార్లు చూడాలనేవాడు మా నాయన. నేను మూడుసార్లు చూస్తాను. ఈసారి సరుకుతోపాటు దాన్ని తయారుచేసిన మనిషి కూడా ఏరు దాటి వచ్చింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. పడుచుతనమంతా పుణె వైపు కట్టడాల కూలీలో గడిచిందని, మోకాళ్లు అరిగాక ఊరికి తిరిగొచ్చి మిల్లులో చేరిందని తర్వాత తెలిసింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం గదా, పెద్దమందడి నుంచి వనపర్తి, వనపర్తి నుంచి గద్వాల, అలా మారుతూ వచ్చింది. భుజాన మిల్లు పేరు అచ్చేసిన సంచి. అందులో పేపర్లలో చుట్టి, మళ్లీ బట్టలో కట్టిన ముక్కలు. ముదురు ఎరుపులో, అంచులు మెరుస్తూ, మామిడి తాండ్ర ముక్కల్లా ఉన్నాయి.

"అన్నా, నీ బిడ్డ పంపింది" అంది.

లోపలికి రమ్మని అనలేదు. రంగులేసే కొట్టం బయట అరుగు చూపించాను. మా ఆవిడ టీ తెస్తుంటే వంటింటి దాకా వెళ్లి, కాగితం గ్లాసులో పోయమని చెప్పాను. ఆవిడ నా ముఖం వంక చూసింది. ఇంట్లో అరడజను స్టీలు గ్లాసులున్నాయి. ఈ సంగతి రాయకుండా దాటేయవచ్చు. కానీ ఇది వదిలేసి మిగతాది రాస్తే అబద్ధమవుతుంది.

ఆమె టీ తాగుతూ తలుపులోంచి కొట్టంలోకి తొంగిచూసింది. "గా తొట్టి సిమెంటుదా అన్నా? లోపట ఇనుప సువ్వలు గిట్ల తేలినయా?"

నాకు చురుక్కుమంది. "ఎందుకు?"

"ఇనుము తగిలితే రంగు మాడుతదని మేడం జెప్పింది. నేను గూడ స్టీలు డబరలనే ఉడకబెడుత. గరిటె గూడ కట్టెదే."

ఇనుము తగిలితే వగరు నీళ్లు నల్లబడతాయని నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. పల్లీలు ఏరే మనిషి వచ్చి నాకు ఇనుము సంగతి చెప్పడమా అని ఒళ్లు మండింది. మండి ఊరుకుంటే బాగుండేది. అక్కడితో ఆగలేదు, ఈమె తొట్టి గురించి ఎందుకు అడుగుతోంది, పని నేర్చుకుపోయి రేపు అక్కడే రంగుల కొట్టం పెడుతుందా అని మొదలైంది. ఆమె ఫోన్ తీసి ఆరేసిన నూలును ఒక ఫోటో తీసుకుంది. చూశావా అనుకున్నాను.

"తొట్టి మంచిగనే ఉంది" అని చెప్పి పంపేశాను. ఆమె పోయాక సంచి విప్పి ముక్కలన్నీ తిరగేశాను. వాసన చూశాను. ఒకటి విరిచి ఎండకు పెట్టి చూశాను. బెల్లం కలిపిందా, కాచు కలిపిందా, ఇటుకపొడి కలిపిందా. ఏమీ దొరకలేదు. దొరకకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. బాగా దాచగలిగినవాళ్లకే ఏమీ దొరక్కుండా చేయడం తెలుస్తుంది గదా.

మర్నాడు నూలును పటికనీళ్లలో ముంచి పెట్టాను. ఆ తర్వాతి రోజు పొద్దున్నే ముక్కల్లో కొన్ని డబ్బాలో ఉంచి, మిగతావి వేడినీళ్లలో కరిగించి తొట్టి నింపాను. కొట్టమంతా వేయించిన పల్లీల కమ్మటి వాసన. మా ఆవిడ వచ్చి, "ఇయ్యాల రంగుల కొట్టంల చట్నీ నూరుతున్నవా ఏంది?" అని పోయింది. నాకు నవ్వు రాలేదు. నూలు దింపేముందు ఒక పరీక్ష మిగిలి ఉంది.

కరక్కాయ అమ్మేవాళ్లను పట్టుకోవడానికి మా నాయన వాడిన పరీక్ష అది. తొట్టిలోంచి ఒక గ్లాసెడు నీళ్లు తీసి, అందులో చిటికెడు అన్నభేది వేయాలి. పచ్చగా పటికబెల్లం పలుకుల్లా ఉండే అన్నభేదిలో ఉన్నది ఇనుమే. నీళ్లు సిరాలా నల్లబడితే వగరు అసలుది. మురికిగా మారి ఊరుకుంటే కల్తీ. చిటికెడు చాలు. నేను చెంచా నిండా వేశాను. అనుమానం పెద్దదైతే చెయ్యి కూడా పెద్దదవుతుంది.

గ్లాసులో నీళ్లు కాటుకలా నల్లబడ్డాయి. అసలైన సరుకు. ఏ లోపమూ లేదు.

సంతోషపడాల్సిన చోట నాకు నిరాశ కలిగింది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆమె దొంగ అని తేలాలని ఎంత ఎదురుచూశానో ఆ గ్లాసు చూశాకే నాకు తెలిసింది. ఆ చిరాకులోనే చెయ్యి చాచి, మా ఇళ్లలో ఎప్పుడూ చేసే పని చేశాను. తొట్టిలోంచి తీసింది తొట్టికే చేరాలి, అది మా పద్ధతి. రంగునీళ్లు ఒక చుక్క నేల మీద పడితే మా నాయన వీపు మీద ఒకటి పడేది. రంగు వీధిలో పారబోస్తే ఇంట్లో రంగు పోతుందని మా నాయనమ్మ అనేది. అందుకని రంగు చూడటానికి గ్లాసులో తీసిందంతా తిరిగి తొట్టిలో పోయడం నాకు తలుపు దగ్గరికి వేసినంత అలవాటు. గ్లాసు వంచాను. చీకటి కొట్టం, ముదురు ఎర్రటి నీళ్లు. ఆ నలుపు అందులో ఎటు పోయిందో కనిపించలేదు. కనిపించకపోవడం కాదు, నేను చూడలేదు. అప్పటికే నూలు అందుకుంటున్నాను.

మధ్యాహ్నానికి నూలు పైకి తీశాను. తేనె రంగు రావాల్సింది. తడిసిన బూడిదలా వచ్చింది. నీళ్లలో జాడించాను. ఎండలో పట్టుకున్నాను. పైకి బూడిద, మడతల్లో నలుపు. పెళ్లికి కట్టుకునే చీర ఒంటికి ఎవరైనా బూడిద రంగు వేస్తారా? నేతన్న వచ్చి నూలు పట్టుకుని చూసి, ఒక్క మాటన్నాడు.

"నువ్వేనా చేసింది?"

తిట్టినా బాగుండేది. ముప్ఫై ఏళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఆ ఉక్రోషంలో నా బుర్ర చకచకా లెక్క కట్టింది. నేను పరీక్ష చేసింది ఒకటి రెండు ముక్కలు కరిగిన నీళ్లు కావచ్చు. గంపలో పైన మంచి కాయలు పేర్చి, కింద పుచ్చులు పెట్టే బేరగాళ్లను ఎంతమందిని చూడలేదు? ఈమె కూడా పై ముక్కలు మంచివి పెట్టి, అడుగున ఏదో కలిపింది. వేసిన ముక్కలన్నీ ఒకే తొట్టిలో కరిగాక తీసిన గ్లాసు అది అన్న సంగతి ఆ లెక్కలోకి రానేలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఉంటుంది కొందరి పని అని నేను ఎంతమందిని వెక్కిరించానో.

సంచి మీద మిల్లు ఫోన్ నంబరు అచ్చయి ఉంది. చేశాను. సేటే ఎత్తాడు.

"మీ మిల్లుల పొట్టు తీస్కపోయే ఆమె కల్తీ మనిషి సేటూ. మాది ఒక పడుగు నూలు కరాబు జేసింది. ఇయ్యాల మాకు జేసింది, రేపు మీ పల్లీలల్ల చెయ్యదని ఏం నమ్మకం?"

"గట్లనా" అన్నాడాయన. అంతే. ఫోన్ పెట్టేశాక నా గుండె మీది బరువు దిగినట్టనిపించింది. అన్నం కూడా బాగానే తిన్నాను.

రెండు రోజులకు ఆమె వచ్చింది. ఈసారి చేతిలో సంచి లేదు. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. బూడిద రంగు నూలు ఇంకా తీగ మీదే ఉంది. దాని దగ్గరికి వెళ్లి, వేళ్లతో పట్టుకుని, పోగు పోగు విడదీసి చూసింది.

"నేనేం కలిపిన అన్నా?"

"గది నువ్వే జెప్పాలె."

"నాకు తెల్వకనే అడుగుతున్న. నేను ఏం కలిపిన్నని నువ్వనుకుంటున్నవో దాని పేరు జెప్పు. మన్నా? మసా? పేరు జెప్తే నేను ఒప్పుకుంటనో, కాదంటనో అయితది. పేరు లేని తప్పు నేనేం జేసుకోవాలె?"

నా దగ్గర పేరు లేదు. పేరు లేనివాడికి గొంతే ఆధారం. "నాకు నీ పంచాయితీ వద్దు, జర బయటికి నడువు" అన్నాను గట్టిగా. మా ఆవిడ గడపలోకి వచ్చి నిలబడింది. ఆమె మా ఆవిడకు దండం పెట్టి వెళ్లిపోయింది. నాకు పెట్టలేదు.

తర్వాతి ఆదివారం అమ్మాయి వచ్చింది. డబ్బాలో మిగిలిన ముక్కలు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, స్టీలు గిన్నెలో కరిగించి, పటికపట్టిన చిన్న నూలు కట్ట ముంచింది. అడుగున ఉన్న ముక్కలే ఏరి వేసింది, నేను చూసేలా. గంట తర్వాత తీసి నా ముందు పెట్టింది. తేనె రంగు. లోపల ఎక్కడో కాస్త గులాబీ ఛాయ. నా చేతి నుంచి అంత మంచి రంగు వచ్చి చాలా రోజులైంది.

"ముక్కలు మంచియే నాయినా. తొట్టిలకు ఇనుము ఎట్లొచ్చింది?"

అప్పుడు గుర్తొచ్చింది. గ్లాసు, చెంచా, వంచిన చెయ్యి. అన్నీ ఒకదాని వెనుక ఒకటి. దొంగకు తేలు కుట్టినట్టయింది. అరవలేను, కూర్చోలేను.

"బోరునీళ్లల్ల ఉంటదేమో" అన్నాను.

నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ఒకామెను పేరు లేని తప్పుకు గెంటేశాను. నా తప్పుకు మాత్రం రెప్పపాటులో ఒక పేరు దొరికింది. అమ్మాయి లేచి, బోరునీళ్లు పట్టి, అందులో ముక్క కరిగించింది. ఎర్రగానే ఉంది. గిన్నె పక్కన పెట్టి, చున్నీతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది.

"ఆమెను మిల్లుల బంద్ జేసిండ్రు నాయినా. నీ ఫోన్ పోయిన తెల్లారే. ఇంట్ల ఆమె నాయిన పక్షవాతంతోని మంచంలున్నడు. ఆమె కూలీనే ఆ ఇంటికి ఆధారం. ఇప్పుడు వేరే మిల్లోళ్లు గూడ రమ్మంటలేరు. కల్తీ మనిషని పేరు వడ్డది."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. నేను నోరు జారలేదు. నంబరు వెతికి, నొక్కి, ఎత్తేదాకా ఆగి చెప్పాను. దాన్ని జారడమని ఎట్లా అంటాను?

చెప్పేశాను. అమ్మాయికీ, గడపలో నిలబడ్డ మా ఆవిడకూ. అన్నభేది, గ్లాసు, తొట్టి. అమ్మాయి ఆ గిన్నె తీసుకుని కడగడానికి వెళ్లింది. మా ఆవిడ మాత్రం, "అనుమానం పెనుభూతమంటరు. మనింట్ల భూతం అన్నం గూడ మంచిగనే తిన్నది ఆనాడు" అంది. లోపలికి పోయి చొక్కా వేసుకున్నాను.

గద్వాల నుంచి ఎర్రవల్లి, బీచుపల్లి వంతెన, పెబ్బేరు, వనపర్తి. అక్కడ బస్సు మారి పెద్దమందడి. దారి పొడవునా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. నూలు బాధలో ఉన్నానని, పెద్దవాణ్ణని, పొరపాటు ఎవరికైనా జరుగుతుందని. వంతెన మీద అవన్నీ బాగానే అతికాయి. ఆమె ఇంటి ముందుకు వచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పంచ. పంచలో ఆమె జల్లెడ పడుతోంది. మిల్లు నుంచి అంతకుముందు తెచ్చుకున్న చివరి బస్తా అది. పక్కన మూడు కుప్పలున్నాయి. ఒకటి దుమ్ము, గింజ ముక్కలు. ఒకటి బూజు పట్టి నల్లబడ్డ పొట్టు. మూడోది శుభ్రమైన ఎర్రపొట్టు, అన్నిటికంటే చిన్న కుప్ప. బూజు పల్లీ విషమని, అందులో ఒక్క పొర కూడా కలవకూడదని అమ్మాయి చెప్పిందట. ఒక పొర అటు ఇటు అయితే ఎవరికి తెలుస్తుంది? అయినా ఆమె ఎండ వైపు పట్టి చూసి మరీ వేస్తోంది. పని పోయింది, కొనేవాడు లేడు, చూసేవాడు లేడు. నేను ముప్ఫై ఏళ్లలో నూలును ఎప్పుడైనా అంత జాగ్రత్తగా చూశానా అని అనుమానం వచ్చింది. నా మీద నాకు వచ్చిన మొదటి అనుమానం బహుశా అదే.

"కల్తీ నువ్వు జెయ్యలేదమ్మా" అన్నాను. జరిగిందంతా చెప్పాను. చెంచా నిండా వేశానని కూడా.

ఆమె జల్లెడ ఆపలేదు. నేను చెప్పడం అయిపోయాక కుప్పలోంచి ఒక నల్ల పొర తీసి అవతల పడేసింది.

"నాకు జెప్తే ఏమైతది సేటూ? నేను జెయ్యలేదని నాకు ముందే ఎరుక. ఎరుక లేనోళ్లకు జెప్పు."

అంతకుముందు నన్ను అన్నా అని పిలిచేది. ఆ రోజు సేటూ అంది. మళ్లీ అన్నా అనలేదు.

అక్కడి నుంచి మిల్లుకు నడిచాను. చేటలతో గింజలు చెరుగుతూ పదిహేను మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చుని ఉన్నారు. సేటు గదిలోకి రమ్మన్నాడు. నేను పోలేదు. "మీ మిల్లుల పొట్టు తీస్కపోయిన ఆమె ఏ కల్తీ జెయ్యలేదు. రంగు కరాబు జేసింది నేను. ఫోన్ల అబద్ధం జెప్పింది గూడ నేనే" అని ఆ వరుస ముందు నిలబడి చెప్పాను. చేటలు ఆగాయి. వరుస చివర ఒక పెద్దామె తల ఎత్తింది.

"చెడ్డ జెప్పెతందుకు ఫోన్ సాలింది. మంచి జెప్పెతందుకు ఇంత దూరం రావల్సొచ్చిందా అయ్యా?"

కొందరు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. సేటు మాత్రం తల గోక్కుంటూ, ఆమె జాగాలో వేరే మనిషి వచ్చిందని, ఇప్పుడు ఆ మనిషిని తీసెయ్యడం ఎలాగని అన్నాడు. పొట్టు మాత్రం ఎప్పటిలాగే తీసుకుపొమ్మన్నాడు. నేను పోగొట్టిన పనిని నేను తిరిగి ఇప్పించలేకపోయాను. అది అక్కడితో తేలిపోయింది.

తిరిగి ఆమె ఇంటికి వెళ్లి, నా కొట్టంలో పనికి రమ్మని అడిగాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. మంచంలో ఉన్న పెద్దాయనతో మాట్లాడింది, మా అమ్మాయితో ఫోన్‌లో మాట్లాడింది. చివరికి వారానికి రెండు రోజులు వస్తానంది. మిగతా రోజులు ఇంట్లోనే పొట్టు పని. ఒక్క షరతు పెట్టింది. తను ఉన్న రోజు తొట్టిలో ఏం వేసినా తనకు చెప్పి వేయాలి. ఒప్పుకున్నాను.

నేతన్నకు కొత్త నూలు నేనే తెచ్చిచ్చాను. ఆ పడుగుకు రంగు ఇద్దరం కలిసి వేశాం. కట్టెతో నూలు తిప్పుతూ, ఎప్పుడు తీయాలో ఆమే చెప్పింది. తీగ మీద ఆరుతున్న నూలును చూసి నేతన్న ఒక కట్ట చేతిలోకి తీసుకుని ఎండలోకి నడిచి, అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. ఆమె ఫోన్ తీసి ఫోటో తీసింది. ఈసారి అడిగాను, ఎందుకని. ఊళ్లో పొట్టు ఏరడానికి మరో ఇద్దరిని తయారుచేస్తోందట. ఏ రంగు కోసం ఇంత జల్లెడ పడుతున్నామో వాళ్లకు చూపించడానికట.

ఆ సాయంత్రం బస్సు వేళకు ఆమె చేతులు కడుక్కుని, సంచి తీసుకుని, కొట్టం గడప దాటింది. దాటి ఆగింది. నా వైపు తిరిగి, నడుముకు దోపుకున్న కొంగు తీసి, రెండు చేతులతో పట్టుకుని గట్టిగా దులిపింది. తర్వాత సంచి తలకిందులు చేసి చూపించింది. అందులోంచి ఒక దువ్వెన, ఖాళీ టిఫిన్ డబ్బా పడ్డాయి.

"ఏందమ్మా ఇది?"

"మిల్లుల గంతే సేటూ. దిగిపోయేటప్పుడు గేటుకాడ గిట్ల దులిపి సూపియ్యాలె."

"ఈడ గదేం అవసరం లేదు."

ఆమె వంగి దువ్వెన, డబ్బా ఏరి సంచిలో వేసుకుంది.

"నీకు లేదేమో సేటూ. నాకుంది."

ఇప్పటికీ వచ్చిన ప్రతిసారీ దులిపే పోతుంది. మొదట్లో నేను సిగ్గుతో తల తిప్పుకునేవాణ్ణి. నేను తల తిప్పితే ఆమె కదలదు. కొంగు చేతిలో పట్టుకుని, బస్సు పోయినా సరే, అలాగే నిలబడుతుంది. అందుకని చూస్తున్నాను.